ఎవరు కట్టారు దీన్ని?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ ఒక వీడియో ఉంది. పదకొండు సెకన్లు. తీసింది నేనే. పోస్ట్ చేసిందీ నేనే. డిలీట్ చేద్దామని బుద్ధి పుట్టేసరికి వాట్సాప్ ఇచ్చే గడువు దాటిపోయింది.

2023 ఆగస్టు 15, మంగళవారం. పొద్దున్న ఎనిమిదిన్నర. నిజాంపేటలో మాది ఐదంతస్తుల బిల్డింగ్, నలభై ఫ్లాట్లు. గేటు పక్కన సిమెంటు దిమ్మ, దాని మీద ఇనుప పైపు. ఏడాదికి రెండు రోజులే ఆ పైపు వైపు ఎవరైనా చూసేది. మిగతా రోజుల్లో దానికి పిల్లల సైకిళ్లు ఆనించి ఉంటాయి.

అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు తెల్ల లాల్చీలో వచ్చారు. తాడు లాగారు. రాలేదు. ఇంకోసారి లాగారు. మూడోసారికి ముడి విడిపోయి, బంతిపూల రేకులు జలజలా రాలాయి. అందరం చప్పట్లు కొట్టాం. అప్పుడు ఫస్ట్ ఫ్లోర్ పాప అంది, "అంకుల్, గ్రీన్ పైకొచ్చింది" అని.

నిజమే. పచ్చరంగు పైన, కాషాయం కింద. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. నా చేతిలో ఫోన్ రికార్డ్ అవుతూనే ఉంది. వీడియోలో ఆ నిశ్శబ్దం తర్వాత వినిపించే గొంతు నాది. "ఎవరు కట్టారు దీన్ని?"

కెమెరా జెండా మీంచి కిందికి దిగి, జనం మీదుగా తిరిగి, వాచ్‌మన్ దగ్గర ఆగుతుంది. ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు ఆ రోజు. పక్కన వాళ్లబ్బాయి, ఐదో క్లాసు, జేబుకి కాగితం జెండా పిన్నుతో గుచ్చుకుని. వాచ్‌మన్ రెండు చేతులూ జోడించబోయి, మధ్యలో ఆపేసి, పైపు వైపు పరిగెత్తాడు. అక్కడితో వీడియో అయిపోతుంది.

జెండా దించి, తిప్పి కట్టి, మళ్లీ ఎగరేశాం. జనగణమన పాడాం. బూందీ పొట్లాలు పంచారు. నేను లిఫ్టులోనే వీడియో గ్రూపులో పెట్టేశాను. కింద ఇలా రాశాను: "జెండా ఎలా కట్టాలో కూడా తెలియని పరిస్థితిలో ఉన్నాం. సిగ్గుచేటు."

అబద్ధం ఎందుకు, ఆ రోజు నాకు బాగానే అనిపించింది. ఇరవై మూడు థంబ్స్ అప్‌లు. ఎప్పుడూ పలకరించని ఫోర్త్ ఫ్లోర్ ఆయన "వెల్ సెడ్ బ్రో" అని పెట్టాడు.

మధ్యాహ్నానికి గ్రూపు వేడెక్కింది. ఒకరు "మూడేళ్లు జైలు, తెలుసా" అన్నారు. ఇంకొకరు "నాన్ బెయిలబుల్" అన్నారు. "వీడియో బయటికి వెళ్తే అపార్ట్‌మెంట్ పరువు పోతుంది, వాడిని మార్చేద్దాం" అని మరొకరు. సాయంత్రానికి తీర్మానం అయిపోయింది: ఈసారికి వార్నింగ్, జీతంలో వెయ్యి కోత. వెయ్యి అంటే మనకి ఒక వీకెండ్ బిర్యానీ ఆర్డర్. వాళ్లకి కాదు కదా.

మూడేళ్లు జైలు అనే మాట దగ్గర నాకు కొంచెం గుచ్చుకుంది. ఆ రాత్రి చట్టం వెతికాను. వాచ్‌మన్ మీద జాలితో అనుకునేరు, కాదు. గ్రూపులో సెక్షన్ నంబరుతో సహా పెడితే బాగుంటుందని. మా ఇంజినీర్ల జబ్బు ఇది, వాదనలో డాక్యుమెంటేషన్ లింకు పెట్టకపోతే నిద్ర పట్టదు.

చట్టం పేరు జాతీయ గౌరవ చిహ్నాల అవమాన నిరోధక చట్టం, 1971. మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అన్నది నిజమే. జెండాకి ఏమేం చేస్తే అవమానమో అందులో వరసగా రాసి ఉంది. కాషాయం కిందికి పెట్టి ప్రదర్శించడం కూడా ఉంది. కానీ ఆ వాక్యానికి ముందు ఒక మాట ఉంది: ఉద్దేశపూర్వకంగా. జెండా నేలకి తాకడం గురించి రాసిన చోటా అదే మాట. పొరపాటున తలకిందులైన జెండాకీ, కావాలని తలకిందులు చేసిన జెండాకీ చట్టం తేడా చూస్తోంది. మా గ్రూపు చూడలేదు.

అలా వెతుకుతుంటే మద్రాస్ హైకోర్టు 2021లో ఇచ్చిన తీర్పు ఒకటి కనిపించింది. కోయంబత్తూరులో 2013 క్రిస్మస్ వేడుకలో మువ్వన్నెల కేకు, మధ్యలో అశోకచక్రం, దాన్ని కోశారు. కేసు పెట్టారు. అది నేరం కాదని కోర్టు కేసు కొట్టేసింది. వచ్చినవాళ్ల మనసులో ఉన్నది దేశం మీద గర్వమా, అవమానించాలనే ఆలోచనా అన్నది చూడాలని ఆ తీర్పు సారాంశం.

మొత్తం చదివాక నేను గ్రూపులో ఏమీ పెట్టలేదు. ఎందుకంటే పక్కనే ఫ్లాగ్ కోడ్ కూడా తెరిచాను. భారత పతాక స్మృతి, 2002. అందులో ఒక లైను దగ్గర నా వేలు ఆగిపోయింది. చిరిగిన, మాసిన, నలిగిన జెండాను ప్రదర్శించకూడదు.

తల తిప్పి బాల్కనీ వైపు చూశాను.

2022 ఆగస్టులో హర్ ఘర్ తిరంగా అన్నప్పుడు పోస్టాఫీసులో పాతిక రూపాయలకి కొన్న జెండా. పాలిస్టర్ది. ప్లాస్టిక్ కర్రకి తొడిగి, బాల్కనీ గ్రిల్‌కి రెండు జిప్ టైలతో బిగించాను. సెల్ఫీ తీసుకున్నాను, స్టేటస్ పెట్టాను. అంతే, మర్చిపోయాను. ఏడాదిపాటు ఎండ, రెండు వానాకాలాలు, పక్క సైటు నుంచి వచ్చే సిమెంటు దుమ్ము. కాషాయం వెలిసి లేత పసుపైంది. ఎగిరే అంచు పీలికలై, పచ్చరంగు చివర గ్రిల్‌కి చుట్టుకుపోయింది. రోజూ పొద్దున దాని పక్కనే నిలబడి పళ్లు తోముకునేవాణ్ణి. కింద ఒక మనిషిని ఆ వీడియోలో నిలబెట్టిన ఉదయం కూడా దాని పక్కనే తోముకున్నాను.

దించాలి కదా వెంటనే? దించలేదు. దించితే ఏం చేయాలో తెలియక. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ రేపు నెల రోజులు సాగింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే వాచ్‌మన్ కొడుకు రోడ్డు మీద వంగి వంగి ఏదో ఏరుతున్నాడు. చేతిలో క్యారీ బ్యాగ్. కాగితం జెండాలు, ప్లాస్టిక్ జెండాలు. స్కూలు పిల్లలు వదిలేసినవి, బైకుల నుంచి ఊడిపడినవి, మా సెల్లార్‌లో మేం బూందీ పొట్లాలతో పాటు పడేసినవి. "ఎందుకురా?" అంటే, "టీచర్ చెప్పింది అన్నా, తొక్కొద్దని" అన్నాడు. సంచిలో ముప్పై నలభై ఉంటాయి. వాటిని ఏం చేయాలో వాళ్ల నాన్నకీ తెలియదు. కరెంటు మీటర్ల డబ్బా మీద, ఎవరి కాళ్లూ తగలని చోట పెట్టాడు.

హారన్ కొట్టాడు క్యాబ్ డ్రైవరు. వెళ్లిపోయాను.

వినాయక చవితికి నాన్న వచ్చారు. నాన్న రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు. కృష్ణా జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై ఏళ్లకి పైగా పనిచేశారు. మా ఊరు బందరుకి దగ్గర. పింగళి వెంకయ్య గారు పుట్టిన భట్లపెనుమర్రు కూడా ఆ పక్కనే. అందుకని ఆగస్టు రెండు, ఆయన పుట్టినరోజు, నాన్నకి సగం పండగ. 1916లోనే వెంకయ్య గారు జాతీయ పతాకం గురించి ఇంగ్లీషులో పుస్తకం వేశారనీ, 1921లో బెజవాడ కాంగ్రెసు సభల్లో గాంధీజీకి జెండా చూపించారనీ మాకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. చిన్నప్పుడు విసుగొచ్చేది.

బ్యాగు కింద పెట్టి బాల్కనీలోకి వెళ్లారు. నేను కాఫీ కలుపుతున్నాను. తిట్టు వస్తుందని చెవులు రిక్కించాను. ఏమీ రాలేదు. బయటికొచ్చి చూస్తే కుర్చీ ఎక్కి, కూరగాయల కత్తితో జిప్ టైలు కోస్తున్నారు. అరవై నాలుగేళ్ల మనిషి, మూడో అంతస్తు బాల్కనీ.

"నాన్నా, దిగండి, నేను తీస్తాను."

"పట్టుకో చాలు. కింద పడనీకు."

పట్టుకున్నాను. రెండు చేతుల్లోకి వచ్చాక తెలిసింది ఎంత తేలికో, ఎంత మురికిగా ఉందో.

"ఇప్పుడు రాత్రిపూట కూడా ఉంచొచ్చు నాన్నా, 2022 జులైలో రూలు మార్చారు" అన్నాను. ఏదో ఒకటి అనాలిగా. నాన్న తరంలో సూర్యాస్తమయంలోపు దించాల్సిందే. ఇప్పుడు పౌరులు ఇంటి మీద పగలూ రాత్రీ ఎగరేసుకోవచ్చు. అసలు 2002కి ముందు ఏడాదిలో కొన్ని రోజులు తప్ప మామూలు జనం ఇళ్ల మీద జెండా ఎగరేయడానికే లేదు. నవీన్ జిందాల్ అనే పారిశ్రామికవేత్త తన ఫ్యాక్టరీ మీద ఎగరేసే హక్కు కోసం కోర్టుకెక్కితే, గౌరవంగా ఎగరేయడం పౌరుడి భావ ప్రకటన హక్కులో భాగమని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పాలిస్టర్ కూడా 2021 డిసెంబరు నుంచే. ఇవన్నీ నెల క్రితం చదివానుగా, గడగడా చెప్పేశాను.

నాన్న విన్నారు. "రాత్రి ఉంచొచ్చన్నారు సరే. చిరిగింది ఉంచొచ్చని రాశారా?"

కాఫీ చల్లారిపోయింది.

ఆ సాయంత్రం వీడియో సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఫోన్ ఇచ్చాను. నాన్న కళ్లజోడు తీసి, పెట్టుకుని, రెండుసార్లు చూశారు. నా గొంతు గురించి ఏమన్నా అంటారనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"ఆగస్టు పదిహేను కదరా ఇది. జెండా పైన మూటకట్టి ఎందుకుంది?"

నాకు అర్థం కాలేదు.

"జనవరి ఇరవయ్యారుకి పైనే కట్టి ఉంచి విప్పుతారు. ఆగస్టు పదిహేనుకి కింద నుంచి పైకి లాగుతారు. ఆ రోజు మన జెండా కొత్తగా పైకెక్కింది కాబట్టి. కింద నుంచి లాగితే ఏది పైనో ఏది కిందో చేతిలో ఉండగానే కనపడేది. ఆ అబ్బాయికే కాదు, అక్కడున్న అందరికీ కనపడేది. మూట ఎవరు కట్టమన్నారు?"

ప్రెసిడెంట్ గారు కట్టమన్నారు. పూలు రాలాలి, వీడియోలో బాగుంటుందని. నేను కూడా ఊ కొట్టాను. ముందు రోజు రాత్రి గ్రూపులో "పెటల్స్ మస్ట్" అని పెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

మా ఆఫీసులో సర్వర్ పడిపోతే మర్నాడు మీటింగ్ ఉంటుంది. అందులో ఎవరు చేశారు అని అడగడం నిషేధం. ఏ దారి తెరిచి ఉండబట్టి ఈ తప్పు జరగగలిగింది అనే అడగాలి. ఒక కుర్రాడు పొరపాటున డేటాబేస్ డిలీట్ చేశాడంటే, డిలీట్ బటన్ ఆ కుర్రాడికి అంత సులువుగా అందేలా పెట్టిన వ్యవస్థని సరిచేస్తాం. నేనే జూనియర్లకి ఈ పాఠం చెబుతుంటాను, స్లైడ్లు కూడా ఉన్నాయి. అదే నేను, గేటు దగ్గర నిలబడి, జీతం పన్నెండు వేలు దాటని మనిషి మీదికి కెమెరా తిప్పి, ఎవరు కట్టారు దీన్ని అని అడిగాను.

అప్పుడు కింద స్టోర్ రూమ్‌లో ఉన్న ఆ జెండా తెచ్చి నాన్న ముందు పరిచాను. ఆయన తాడు దూర్చే పట్టీ చూపించారు. "రెండు వైపులా ఒకేలా తెరిచి ఉంది చూడు. ఎటు నుంచి దూర్చినా దూరుతుంది. మంచి జెండాకయితే పై కొసన తాడుకి చిన్న కొయ్యముక్క ఉంటుంది, కింది కొసన ఉచ్చు ఉంటుంది. తప్పు కడదామన్నా కట్టలేవు."

ఫోన్ ఛార్జర్ గుర్తొచ్చింది. పాత యూఎస్‌బీ ఒక వైపే ఎక్కేది. ఇది ఎటైనా ఎక్కే రకం. ఛార్జర్‌కి అది సుఖం, జెండాకి ప్రమాదం.

ఇంకో సంగతి తట్టింది నాకు, చదివినదాంట్లోంచి. మొదట్లో కాంగ్రెసు జెండా మీద చరఖా ఉండేది. చరఖాకి తల, కాళ్లు ఉంటాయి. తలకిందులైతే పిల్లాడికైనా తెలుస్తుంది. 1947 జులై 22న రాజ్యాంగ సభలో తీర్మానం పెడుతూ నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి, జెండా రెండు వైపులా గుర్తు ఒకేలా కనిపించాలి, చరఖా అయితే అలా కుదరదు అని. అందుకని చక్రం వచ్చింది. ఇరవై నాలుగు ఆకుల చక్రం ఎటు తిప్పినా అదే. ఎడమ కుడి సమస్య తీరింది, కానీ పైన కింద తెలియడానికి రంగులే దిక్కయ్యాయి. మూట కట్టాక ఆ రంగులూ కనపడవు. చీకట్లో, ఐదున్నరకి, పూలు కూడా కూరి కట్టే మనిషికి ఇంకేం గుర్తు ఉంటుంది?

నాన్నకి ఇది చెప్తే చాలా సంతోషించారు. నలభై ఏళ్లుగా చేతుల్లో ఉన్న వస్తువు గురించి కొత్త మాట విన్నానన్నారు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. టీవీ మ్యూట్ చేశారు.

"నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో. జనవరి ఇరవయ్యారు. పెద్ద ఆఫీసరు వచ్చాడు. తాడు లాగాడు. ముడి బిగుసుకుపోయింది. ఇంకా లాగాడు. తాడు తెగి జెండా మూట మూటగా వచ్చి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఊరంతా ఉంది. హెడ్మాస్టారు వెంటనే అటెండరు వైపు చూశారు. పాపం అటెండరుకి మెమో ఇచ్చారు. ఇంక్రిమెంటు ఆపారు."

"తర్వాత?"

"ఆ ముడి వేసింది నేనురా. జారుముడి వేయాల్సిన చోట మామూలు ముడి పడింది. ఎవరూ నన్ను అడగలేదు. నేను చెప్పలేదు. ఆయనకి తెలుసు నేనే వేశానని. ఆయనా చెప్పలేదు. ఇప్పుడు లేడులే."

మాకు ఇంట్లో జెండా గురించి నాన్న చెప్పిన కథలన్నీ నాకు తెలుసనుకున్నాను. ఇది మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాతి ఏడాది నుంచి ప్రతి స్కూల్లోనూ మొదట చేసిన పని, జెండా పట్టీకి కాషాయం వైపు ఎర్రదారంతో గట్టిగా ఒక ముడి కుట్టడమట. కళ్లు మూసుకున్నా వేలికి తగిలేలా. నాన్న అమ్మ సూదిపెట్టె ఎప్పుడూ బడికి ఎందుకు పట్టుకెళ్లేవారో నాకు అప్పుడు తెలిసింది.

మర్నాడు ఉదయం కిందికి వెళ్లాను. వాచ్‌మన్ కార్లు తుడుస్తున్నాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "ఆ రోజు వీడియో..." అన్నాను.

గుడ్డ పిండుతూ అన్నాడు, "జెండా తప్పు కట్టిన సార్. అన్నరు, పడ్డ. దానికేం లేదు. కానీ మా పోరడు ఆ వీడియో ఎవరి ఫోన్లనో చూసిండు. వాని దోస్తులు కూడ చూసిండ్రు. అది తీపియ్యుండ్రి సార్, చాలు."

అదొక్కటే నా చేతిలో లేదు. అప్పటికి నెల దాటింది. గ్రూపు అడ్మిన్‌ని అడిగితే, గ్రూపులో తీసినా అందరి ఫోన్లలో సేవ్ అయిపోయి ఉంటుంది కదా బాబూ అన్నారు. నిజమే. ఎంతమందికి వెళ్లిందో లెక్క లేదు. ఆ రాత్రి గ్రూపులో పొడుగ్గా రాశాను. మూట కట్టాలన్నది మన నిర్ణయమని, పూలు కావాలన్నది నేనని, చట్టంలో ఉద్దేశపూర్వకంగా అనే మాట ఉందని, ఏడాదిగా చిరిగిన జెండా నా బాల్కనీలోనే ఉందని, ఫొటోతో సహా. క్షమించమని రాశాను. వెయ్యి వెనక్కి ఇవ్వాలని కూడా. మూడు థంబ్స్ అప్‌లు వచ్చాయి. నాలుగో మెసేజ్, "వాటర్ ట్యాంకర్ ఎన్నింటికి వస్తుంది?"

వెయ్యి వెనక్కి రాలేదు. లెక్కల పుస్తకంలో ఎక్కిపోయిందట. నేను జేబులోంచి తీసి ఇవ్వబోతే వాచ్‌మన్ తీసుకోలేదు. "మీరెందుకిస్తరు సార్? కోసినోళ్లు ఇయ్యాలె." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఇక చిరిగిన జెండా. ఫ్లాగ్ కోడ్ ప్రకారం పాడైన జెండాను చెత్తలో వేయకూడదు. ఏకాంతంగా, గౌరవం తగ్గకుండా, పూర్తిగా లేకుండా చేయాలి. కాల్చడం మేలని అందులోనే ఉంది. మరోవైపు చట్టంలోనేమో నలుగురికీ కనపడేలా జెండా కాల్చడం నేరం. రెండూ సబబే, కానీ అపార్ట్‌మెంట్‌లో ఏకాంతం ఎక్కడ? టెర్రస్ మీద కాలిస్తే చుట్టూ నాలుగు బిల్డింగుల కిటికీలు. ఎవడో ఒకడు ఫోన్ తీసి పదకొండు సెకన్లు తీస్తే చాలు. పైన వాక్యం వాడే రాసుకుంటాడు. నేను రాసినట్టే.

నాన్న దాన్ని బకెట్లో ఉతికారు, విడిగా. ఆరాక మంచం మీద పరిచి, కాషాయం, పచ్చ రెండూ తెలుపు కిందికి మడిచి, మళ్లీ రెండు పక్కల నుంచీ మడిచారు. పైకి చక్రం, కొంచెం కాషాయం, కొంచెం పచ్చ కనపడేలా. "ఊరు తీసుకెళ్తాను" అన్నారు. పంచెల మధ్య పెట్టుకుని బందరు బస్సెక్కారు. వాచ్‌మన్ మీటర్ల డబ్బా మీద పెట్టిన సంచి కూడా అడిగి తీసుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత ఫోన్. "అయిపోయిందిరా. కాగితాలవి బాగానే కాలాయి. నీది ఖద్దరు కాదుగా, బూడిదవలేదు. కరిగి నల్లగా ముద్దైంది. పెరట్లో గుంట తీసి కప్పెట్టాను. ఆ ప్లాస్టిక్‌వి కాల్చలేదు, ఒకటే కంపు. వాటినీ మడిచి అందులోనే పెట్టాను." కాసేపాగి, "ఈసారి కొంటే నూలుది కొను" అన్నారు.

కొన్నాను. చిన్న వివరం, మీకు ఆసక్తి ఉంటే. మన దేశంలో వస్తువుల నాణ్యతకి ఇచ్చే ప్రమాణాల నంబర్లు ఉంటాయి కదా, ఐఎస్ఐ మార్కు పక్కన. ఆ వరసలో ఒకటో నంబరు జాతీయ పతాకానిది. ఐఎస్ 1. ఆ ప్రమాణం ప్రకారం ఖాదీ జెండాలు కుట్టే సంఘం కర్ణాటకలో హుబ్బళ్లి దగ్గర బెంగేరిలో ఉంది. పొడవు వెడల్పులు మూడుకి రెండు. గోడకి నిలువుగా వేలాడదీస్తే కాషాయం చూసేవాళ్లకి ఎడమ వైపు రావాలి. ఇది మా ఆఫీసు రిసెప్షన్‌లో రెండేళ్లు తప్పుగా ఉంది, ఈసారి ఫొటో తీయకుండా వెళ్లి చెప్పాను, అరగంటలో మార్చారు. బైకుకీ కారుకీ కట్టుకు తిరగడానికి మనకి అనుమతి లేదు, రాష్ట్రపతి, ప్రధాని, గవర్నర్లు, మంత్రులు, జడ్జీలు లాంటి కొందరికే ఉంది. నిజానికి ఇవన్నీ ఐదు నిమిషాల్లో చదివేయొచ్చు.

2024 జనవరి 26 వచ్చింది. వాచ్‌మన్ ముందే చెప్పేశాడు. "నేను పట్టుకోను సార్. మీరే కట్టుండ్రి."

ముందు రోజు రాత్రి కాషాయం వైపు ఎర్రదారం ముడి కుట్టాను. వంకరగా వచ్చింది. వీడియో కాల్‌లో నాన్న జారుముడి మూడుసార్లు వేయించారు. పొద్దున ఆరింటికి చలిలో దిమ్మ ఎక్కాను. మంచు పట్టి తాడు తడిగా ఉంది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఈ పని చీకట్లో ఒక్కడే చేసేవాడని అప్పుడు గుర్తొచ్చింది.

వాచ్‌మన్ దూరంగా కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. చూడనట్టే ఉన్నాడు. వాళ్లబ్బాయి మాత్రం దగ్గరికొచ్చాడు. నేను మడత పట్టుకుంటే వాడు చెయ్యి చాపి పట్టీ తడిమాడు.

"అన్నా, ముడి పైకే ఉన్నది."

"గట్టిగా చూశావా?"

"ఉన్నది." తర్వాత వాళ్ల నాన్న వైపు తిరిగి అరిచాడు, "నాన్నా, మంచిగనే ఉన్నది!"

వాచ్‌మన్ గ్లాసు కింద పెట్టాడు. లేచి వచ్చి, ఏమీ అనకుండా, కప్పీ దగ్గర తాడు మెలి పడిన చోట సరిచేసి మళ్లీ వెళ్లి కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకి ప్రెసిడెంట్ గారు తాడు లాగారు. మొదటిసారికే విచ్చుకుంది. కాషాయం పైన. రేకులు నాలుగే రాలాయి, నేను తక్కువ పెట్టాను. ఈలోగా పైన ట్యాంకు పొంగి నీళ్లు కారుతుంటే వాచ్‌మన్ మోటారు ఆపడానికి పరిగెత్తాడు. జనగణమన సగంలో తిరిగొచ్చి, గేటు దగ్గరే నిటారుగా నిలబడ్డాడు.

నేను ఫోన్ తీయలేదు. అంతా అయ్యాక, ఎవరూ లేనప్పుడు, జెండాని మాత్రం ఒక ఫొటో తీసి నాన్నకి పంపాను.

రెండు నిమిషాల్లో రిప్లై. "బాగుంది. కింది తాడు వదులుగా ఉంది. బిగించు."